పది అంగుళాల ట్యాబ్లెట్‌లో పత్రిక హాయిగా చదవాలంటే: కొత్తది కొనేముందు పేజీ కొలత చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పది అంగుళాల ట్యాబ్లెట్‌లో పత్రికల పీడీఎఫ్‌లు చదువుతున్నారు. అక్షరాలు మరీ చిన్నగా ఉంటున్నాయి. వేళ్లతో పెద్దవి చేస్తే పేజీని అటూ ఇటూ లాగుతూ ఉండాల్సి వస్తోంది, ఎక్కడ చదువుతున్నారో తప్పిపోతోంది. ల్యాప్‌టాప్‌లో చదివితే ఇంకా విసుగు. అరగంట కాగానే కళ్లు మంట, మెడ నొప్పి. వయసు 48. పెద్ద ట్యాబ్లెట్ కొనాలా, కాగితంలా కనబడే తెర ఉన్న ఈ-ఇంక్ పరికరం కొనాలా, బ్లూ లైట్ కళ్లజోడు వేయించుకోవాలా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే ఏదీ కొనకండి. మీ చేతిలో ఉన్న ట్యాబ్లెట్‌తోనే ఈ ఇబ్బందిలో ఎక్కువ భాగం తీరుతుంది. నేను చాలాకాలం పత్రికల పేజీలు కూర్చే పనిలో ఉన్నాను, ఆ తర్వాత అవే పేజీలను డిజిటల్ ప్రతులుగా తయారుచేసే పని చూశాను. అందుకని కంటి సంగతికి తర్వాత వస్తాను, ముందు పేజీ సంగతి చెబుతాను. అసలు చిక్కు అక్కడే ఉంది.

పత్రిక పేజీని కాగితం కొలతకు కూర్చుతారు. ఏ4 సైజు అనుకుందాం. వెడల్పు 210 మిల్లీమీటర్లు, ఎత్తు 297. ఐమూలగా కొలిస్తే 14 అంగుళాలకు కాస్త పైన. మీ ట్యాబ్లెట్ ఐమూలగా 10 అంగుళాలు. 4:3 ఆకారంలో ఉండే 10.2 అంగుళాల స్క్రీన్ అయితే దాని వెడల్పు సుమారు 155 మిల్లీమీటర్లు, ఎత్తు 207. నిలువుగా పట్టుకుని పేజీ మొత్తం కనబడేలా పెట్టారంటే పేజీ 70 శాతానికి కుంచించుకుపోతుంది. కాగితం మీద 10 పాయింట్లుండే అక్షరం 7 పాయింట్లకు దిగుతుంది. 16:10 ఆకారంలో ఉండే సన్నటి ట్యాబ్లెట్ అయితే 65 శాతమే. మందుల డబ్బాలో పెట్టే కాగితం మీది అక్షరాలు ఇంచుమించు ఇదే కొలతలో ఉంటాయి. వాటితో ఎనిమిది పేజీల వ్యాసం చదవమంటే ఎవరి కళ్లయినా లాగుతాయి, వయసుతో పనిలేదు. తెలుగు పత్రికలైతే ఇబ్బంది ఇంకా ఎక్కువ. ద, ధల మధ్య, ప, షల మధ్య తేడా ఒక చిన్న గీతే. అక్షరం కింద ఒత్తు, పైన గుడి, పక్కన కొమ్ము ఉంటాయి. సైజు తగ్గగానే ఒత్తులు కింది వరసలో కలిసిపోయినట్టు కనబడతాయి. కన్ను ప్రతి మాటనూ రెండోసారి చూసుకుంటుంది. అలసట అక్కడ మొదలవుతుంది.

ఇప్పుడు ట్యాబ్లెట్‌ను అడ్డంగా తిప్పండి. పేజీని వెడల్పుకు సరిపెట్టండి. ఆ 207 మిల్లీమీటర్లు ఇప్పుడు వెడల్పు అయింది. పేజీ వెడల్పు 210. అంటే దాదాపు 99 శాతం, ఇంచుమించు కాగితం మీది సైజే. 16:10 ట్యాబ్లెట్ అయితే అడ్డంగా 217 మిల్లీమీటర్లు వస్తుంది, అసలు సైజు కన్నా కొంచెం పెద్దగానే కనిపిస్తుంది. పేజీలో సగమే ఒకసారి కనబడుతుంది, నిజమే. కానీ పక్కలకు లాగే పని ఉండదు, పైకీ కిందికీ జరపడం ఒక్కటే. చదువుతున్న చోటు తప్పిపోయేది పక్కలకు లాగేటప్పుడే. పైకీ కిందికీ జరిపితే వరస కంటి ముందే కదులుతుంది కాబట్టి చోటు గుర్తుంటుంది.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది. పేజీలో మూడు కాలమ్‌లు ఉంటే మొదటి కాలమ్ అడుగుదాకా దిగి, మళ్లీ పైకి వచ్చి రెండోది పట్టుకోవాలి. రెండు కాలమ్‌ల పేజీ అయితే ఇది పెద్దగా తెలియదు. మూడు ఉంటే విసుగే. అలాంటి పేజీలకు నిలువు పద్ధతే మేలు, కాకపోతే అంచులు కత్తిరించి.

అంచులు కత్తిరించడాన్ని చాలామంది పట్టించుకోరు. నాకు మాత్రం డిజిటల్ చదువులో అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడిన సదుపాయం ఇదే. కాగితం పత్రికకు చుట్టూ తెల్లటి అంచు ఎందుకు వదులుతారంటే పట్టుకోవడానికి బొటనవేలికి చోటు కావాలి, కుట్టు దగ్గర అక్షరాలు మడతలో పడకూడదు, ట్రిమ్మింగ్‌లో అక్షరం తెగకూడదు. స్క్రీన్ మీద ఈ మూడూ లేవు. ట్యాబ్లెట్ చుట్టూ ఉండే ఫ్రేమే వేలికి చోటిస్తుంది. నాలుగు వైపులా 15 మిల్లీమీటర్ల అంచు తీసేస్తే మిగిలేది 180 బై 267. అదే 10.2 అంగుళాల స్క్రీన్ మీద నిలువుగా, మొత్తం కనబడేలా పెడితే 70 శాతం కాస్తా 78 దాకా వస్తుంది. వెడల్పుకు సరిపెడితే 86 శాతం, పేజీ అడుగున కొంచెం మాత్రం జరపాలి. 7 పాయింట్ల అక్షరం ఎనిమిదిన్నర దాటింది. పైసా ఖర్చు లేదు.

దీన్ని ఎలా చేయాలంటే, యాప్‌ను బట్టి ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో కేఓరీడర్ ఉచితం. అంచులు దానంతటదే కొలిచి తీసేస్తుంది, కాలమ్ తర్వాత కాలమ్ చూపించే పద్ధతి కూడా ఉంది. మొదట దాని మెనూలు కాస్త గజిబిజిగా అనిపిస్తాయి, ఓపిక పట్టండి. ఐప్యాడ్‌లో గుడ్‌రీడర్‌లో అంచులు కత్తిరించే సదుపాయం ఉంది, సరి పేజీలకూ బేసి పేజీలకూ వేర్వేరుగా పెట్టుకోవచ్చు. ఈ వేర్వేరు అన్నది ముఖ్యం. కుట్టు వైపు అంచు కుడి పేజీకి ఎడమన, ఎడమ పేజీకి కుడిన ఉంటుంది కదా. కంప్యూటర్‌లో ఆక్రోబాట్ రీడర్‌లో గానీ సుమత్రా పీడీఎఫ్‌లో గానీ కంట్రోల్, 3 కలిపి నొక్కితే అంచులు వదిలేసి అచ్చయిన భాగమే స్క్రీన్‌కు సరిపోతుంది. లినక్స్ వాడేవాళ్లకు ఓక్యులర్‌లో అంచులు కత్తిరించే ఆప్షన్ వ్యూ మెనూలోనే ఉంది.

ఇంకో మాట. కొన్ని ఫైళ్లను ఎంత పెద్దవి చేసినా అక్షరం మసకగానే ఉంటుంది. అది మీ కంటి తప్పూ కాదు, ట్యాబ్లెట్ తప్పూ కాదు. ఫైలు రకం వేరు. పీడీఎఫ్ అన్న పేరుతో మన దగ్గరికి వచ్చేవి నిజానికి రెండు రకాలు. పేజీలు కూర్చిన సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా తీసినవి ఒక రకం. వాటిలో అక్షరం గీతల లెక్కగా ఉంటుంది కాబట్టి ఎంత పెద్దది చేసినా అంచు పదునుగానే ఉంటుంది. అచ్చయిన పత్రికను స్కాన్ చేసినవి రెండో రకం. వాటిలో ఉన్నది పేజీ ఫొటో. ఏ4 పేజీని 150 డీపీఐలో, అంటే అంగుళానికి 150 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 1240 బై 1754 పిక్సెళ్లు వస్తాయి. ఇప్పటి ట్యాబ్లెట్ స్క్రీన్లలో చాలావాటికి ఇంతకన్నా ఎక్కువ పిక్సెళ్లుంటాయి. ఇక పెద్దది చేస్తే మసక తప్ప ఏం రాదు. అదే 300 డీపీఐ అయితే 2480 బై 3508, హాయిగా చదవొచ్చు. పాత సంచికలు దించుకునేటప్పుడు ఒకే సంచికకు చిన్న ఫైలూ పెద్ద ఫైలూ రెండూ ఉంటే ఎప్పుడూ పెద్దదే తీసుకోండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ సంచికలు చాలా ఉన్నాయి. అక్కడ పీడీఎఫ్ మసకగా అనిపిస్తే అదే సంచిక పేజీల బొమ్మల ఫైళ్లు కూడా విడిగా ఇస్తారు, సాధారణంగా వాటి నాణ్యత మెరుగ్గా ఉంటుంది.

మీ ఫైలు ఏ రకమో తెలుసుకోవడం తేలిక. ఒక మాట మీద వేలు నొక్కి పట్టండి. మాట నీలంగా ఎంపికైతే సాధారణంగా అందులో నిజమైన అక్షరాలున్నాయి. ఎంపిక కాకపోతే చాలావరకు స్కాన్. ఎంపికైన మాటను కాపీ చేసి నోట్స్ యాప్‌లో అతికించి చూడండి. తెలుగు తెలుగుగానే వస్తే యూనికోడ్‌లో, అంటే అన్ని పరికరాలూ గుర్తుపట్టే అక్షర పద్ధతిలో ఉన్నట్టు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే పాత పద్ధతి ఫాంట్లతో కూర్చినట్టు. కంటికి చక్కగా కనిపిస్తుంది గానీ వెతకడం, చదివి వినిపించుకోవడం, అక్షరాలను విడిగా పెద్దవి చేసుకోవడం ఏవీ పనిచేయవు. తెలుగు పత్రికల డిజిటల్ ప్రతుల్లో ఇది ఇప్పటికీ తగులుతూనే ఉంటుంది. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. చూపు తగ్గిన పాఠకులకు డిజిటల్ ప్రతి వల్ల దక్కాల్సిన మేలంతా అక్కడే పోతుంది. స్కాన్ ఫైలునైతే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవడం ఒక దారి, ఆ బొమ్మల నుంచి అది తెలుగు అక్షరాలను గుర్తుపడుతుంది. ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి, కాలమ్‌ల వరస కూడా తప్పొచ్చు. ఒకటి రెండు వ్యాసాలకు పనికొస్తుంది, సంచిక మొత్తానికి ఆ శ్రమ వద్దు.

పేజీ రూపాన్ని పూర్తిగా వదిలేసి చదవడం మరో దారి. మాగ్‌జ్టర్, జినియో, ప్రెస్‌రీడర్, లిబ్బీ లాంటి యాప్‌లలో చాలా పత్రికలకు పేజీ రూపంతో పాటు వ్యాసాన్ని ఉత్త అక్షరాలుగా చూపే పద్ధతి కూడా ఉంటుంది. పేజీ మీద తడితే దాని బటన్ కనబడుతుంది. ఆక్రోబాట్ మొబైల్ యాప్‌లో 2020 నుంచి లిక్విడ్ మోడ్ అని ఒకటి ఉంది, మామూలు పీడీఎఫ్‌ను కూడా ఒకే కాలమ్‌గా మార్చి చూపించే ప్రయత్నం చేస్తుంది. వెబ్‌లో చదివే పత్రికలకు ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, సఫారీ, క్రోమ్ అన్నింటిలో చదివే మోడ్ ఉంది. విండోస్‌లో ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ రెండిట్లోనూ ఎఫ్9 నొక్కితే చాలు. ప్రకటనలు, పక్క బొమ్మలు పోయి వ్యాసమొక్కటే మిగులుతుంది.

ఈ పద్ధతిలోకి వెళ్లాక అందరూ అక్షరం సైజు పెంచుతారు, అక్కడితో ఆగిపోతారు. వరసల మధ్య ఖాళీ కూడా పెంచండి. అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు కనీసం ఉండాలి. తెలుగుకు ఒత్తులుంటాయి కాబట్టి ఇంకొంచెం ఎక్కువైనా ఫర్వాలేదు. వరస పొడవు తగ్గించండి. ట్యాబ్లెట్ అడ్డంగా పెట్టి ఆ చివర నుంచి ఈ చివర దాకా పరిచిన వరస చదివితే, వరస చివర నుంచి తర్వాతి వరస మొదటికి కన్ను వెనక్కి వచ్చేటప్పుడు తప్పు వరస పట్టుకుంటుంది. ఇంగ్లిష్‌కు వరసకు 45 నుంచి 75 అక్షరాలు హాయి అని పేజీలు కూర్చేవాళ్లు చాలాకాలంగా పాటిస్తున్నారు. తెలుగుకు నా అలవాటు వరసకు ఏడెనిమిది మాటలు. పత్రికలు కాలమ్‌లుగా కూర్చడానికి ఒక పెద్ద కారణం ఇదే మరి.

పేజీ రూపమా, ఉత్త అక్షరాలా అంటే నేను రెండూ వాడతాను. పొడుగాటి వ్యాసం, కథ, ఇంటర్వ్యూ అయితే అక్షరాల పద్ధతే. ఫొటో కథనం, కార్టూన్, మ్యాపు, పట్టికలున్న పేజీ అయితే పేజీగానే చూడాలి. అక్షరాల పద్ధతిలో ఫొటో కింది వాక్యాలు ఎక్కడో పడతాయి, పక్క బాక్సులు వ్యాసం మధ్యలో దూరతాయి, పట్టికలు చెల్లాచెదురవుతాయి. పైగా ఎంతో ఆలోచించి కూర్చిన పేజీని ఒకసారి పూర్తిగా కళ్లారా చూడటంలో ఆనందం ఉంది. ముందు సంచిక మొత్తం పేజీలుగా తిరగేసి, చదవాలనుకున్న వ్యాసం దగ్గర అక్షరాల పద్ధతిలోకి మారండి.

ఇక ల్యాప్‌టాప్. 15.6 అంగుళాల స్క్రీన్ వెడల్పు సుమారు 345 మిల్లీమీటర్లు, ఎత్తు 194. పేజీ మొత్తం కనబడేలా పెడితే మళ్లీ 65 శాతమే. రెండు పేజీలు పక్కపక్కన పెట్టినా అంతే, ఎందుకంటే అడ్డుపడేది ఎత్తు. ఇక్కడ దూరం లెక్క కూడా కలుస్తుంది. కాగితాన్ని, ట్యాబ్లెట్‌ను సుమారు 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటాం. కంప్యూటర్ స్క్రీన్ 60, 65 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అదే సైజు అక్షరం దూరం పెరిగిన కొద్దీ కంటికి చిన్నదవుతుంది. 65 సెంటీమీటర్ల దూరంలో ఉన్న స్క్రీన్ మీద అక్షరం, చేతిలో కాగితం మీద ఉన్నంతగా కనబడాలంటే 160 శాతం దాకా పెంచాలి. ఆ 15.6 అంగుళాల స్క్రీన్‌కు పేజీని వెడల్పుకు సరిపెడితే ఎంత వస్తుందో చూడండి. 164 శాతం. సరిగ్గా కావాల్సినంత. దగ్గర నుంచి చూస్తే అక్షరాలు అంత పెద్దవి ఎందుకు అనిపిస్తుంది గానీ, వెనక్కి జరిగి వెన్ను కుర్చీకి ఆనించి చూడండి, అప్పుడు సరిపోతుంది. చాలామంది అక్షరం చిన్నగా పెట్టుకుని మెడ ముందుకు చాచి చదువుతారు. మీ మెడ నొప్పికి కారణం అదే అయి ఉండొచ్చు.

ఆక్రోబాట్‌లో గానీ సుమత్రాలో గానీ కంట్రోల్, 2 నొక్కితే పేజీ వెడల్పుకు సరిపోతుంది. ఆక్రోబాట్‌లో కంట్రోల్, ఎల్ నొక్కితే ఫుల్ స్క్రీన్, బ్రౌజర్‌లో అయితే ఎఫ్11. బ్రౌజర్‌లో తెరిచినప్పుడు మౌస్ చక్రం కన్నా స్పేస్ బార్ వాడండి. చక్రం తిప్పితే వరసలు కదులుతూనే ఉంటాయి, కన్ను వాటిని వెంబడిస్తూ ఉంటుంది. స్పేస్ నొక్కితే ఒక్కసారే స్క్రీనంత జరిగి ఆగుతుంది. షిఫ్ట్ పట్టుకుని స్పేస్ నొక్కితే వెనక్కి.

ఇంట్లో విడిగా 24 అంగుళాల మానిటర్ ఉంటే దాన్ని వదులుకోకండి. దాని ఎత్తు 299 మిల్లీమీటర్లు, అంటే ఏ4 ఎత్తుకు సరిపోతుంది. ఫుల్ స్క్రీన్‌లో రెండు పేజీలు పక్కపక్కన అసలు సైజులో నిలబడతాయి. రెండు పేజీల మీద పరిచిన ఫొటోలు చూడటానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. ఒక సెట్టింగ్ మరవద్దు. రెండు పేజీల వ్యూలో ముఖచిత్రాన్ని విడిగా చూపించే ఆప్షన్ ఆన్ చేయాలి. సుమత్రాలో దాని పేరు బుక్ వ్యూ. అది లేకపోతే ముఖచిత్రం రెండో పేజీతో జతపడి, అక్కడి నుంచి సంచిక అంతా జతలు తప్పుతాయి. ఒకే ఫొటో సగం ఒక చోట, సగం ఇంకో చోట కనబడుతుంది. చదవడానికి మాత్రం ఆ దూరం నుంచి అసలు సైజు చాలదు, ఒక పేజీకి మారి పెద్దది చేసుకోండి. మీ మానిటర్ స్టాండు తిరిగే రకమైతే నిలువుగా తిప్పేయండి. అప్పుడు పేజీ మొత్తం 142 శాతంలో, జరపాల్సిన పనే లేకుండా కనబడుతుంది. నా దృష్టిలో కంప్యూటర్‌పై పత్రిక చదవడానికి ఇదే ఉత్తమం.

ఇప్పుడు కళ్ల సంగతి. 48 ఏళ్లన్నారు కాబట్టి చత్వారం ఉండే ఉంటుంది. దగ్గర చూపు అద్దాలను సాధారణంగా 40 సెంటీమీటర్ల దూరానికి పరీక్షించి ఇస్తారు. ఆ దూరంలో కంటి మీద పడే భారం 2.5 డయాప్టర్లు (అద్దాల పవర్‌ను కొలిచేదీ ఇందులోనే), 65 సెంటీమీటర్ల దగ్గర అది ఒకటిన్నరే. అంటే ట్యాబ్లెట్‌కు సరిపోయిన అద్దం మానిటర్‌కు సరిపోదు. ప్రోగ్రెసివ్ అద్దాలైతే దగ్గర చూపు భాగం అడుగున ఉంటుంది, మానిటర్ ఎత్తుగా ఉంటే ఆ భాగంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తాలి. మెడకు అది ఇంకో దెబ్బ. స్క్రీన్ పై అంచు కంటి ఎత్తుకు కాస్త కిందికి ఉంచండి, ప్రోగ్రెసివ్ వాడితే ఇంకా దించండి. టేపు పెట్టి మీ ట్యాబ్లెట్ ఎంత దూరంలో పట్టుకుంటారో, ల్యాప్‌టాప్ ఎంత దూరంలో ఉంటుందో కొలిచి, ఆ రెండు అంకెలూ రాసుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏడాది దాటి పరీక్ష చేయించుకోకపోతే మాత్రం ఇది వాయిదా వేయకండి. నేను పైన చెప్పిన సెట్టింగులేవీ అద్దం పవర్ తేడాను సరిచేయలేవు.

బ్లూ లైట్ కళ్లజోడు వద్దు. 2023లో కోక్రేన్ సమీక్ష ఒకటి 17 క్లినికల్ పరీక్షలను కలిపి చూసి, మామూలు అద్దాలతో పోలిస్తే కంటి అలసట విషయంలో వాటివల్ల చెప్పుకోదగ్గ లాభం కనబడలేదని తేల్చింది. అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ కూడా వాటిని సిఫారసు చేయదు. రాత్రి పడుకోబోయే ముందు ప్రకాశవంతమైన స్క్రీన్ చూస్తే నిద్ర వెనక్కి జరుగుతుందన్నది వేరే సంగతి. దానికి వెలుతురు తగ్గించుకోవడం, నైట్ లైట్ లేదా నైట్ షిఫ్ట్ సెట్టింగ్ పెట్టుకోవడం సరిపోతాయి. ఫొటోల రంగులు పసుపు పచ్చగా మారతాయి కాబట్టి చిత్రాలు ఎక్కువున్న సంచికను పగలు చూడండి.

కళ్ల మంటకు ఎక్కువగా కారణం రెప్ప వేయకపోవడం. మామూలుగా నిమిషానికి 15 సార్ల దాకా రెప్ప వేస్తాం. స్క్రీన్ మీద దృష్టి పెడితే అది సగానికో అంతకన్నా తక్కువకో పడిపోతుంది, కంటి మీది తడి ఆరిపోతుంది. ఫ్యాను గాలో ఏసీ గాలో నేరుగా ముఖానికి తగులుతుంటే మరీను. ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమంటారు. 20 అడుగులంటే సుమారు 6 మీటర్లు, కిటికీలోంచి బయటికి చూస్తే చాలు. గడియారం చూసుకుంటూ చదవడం ఎవరి వల్లా కాదు కాబట్టి, వ్యాసం అయిపోయిన ప్రతిసారీ తలెత్తి అలా చూడటం అలవాటు చేసుకోండి. కావాలని నాలుగైదుసార్లు నిండుగా రెప్పలు వేయండి. మంట అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి, చుక్కల మందు మీ అంతట మీరు మొదలుపెట్టవద్దు.

స్క్రీన్ వెలుతురు ఎంత ఉండాలో కొలవడానికి ఒక తెల్ల కాగితం చాలు. మీరు చదివే చోట, చదివే దీపం కింద, కాగితాన్ని స్క్రీన్ పక్కన పెట్టండి. స్క్రీన్ దీపంలా వెలుగుతుంటే తగ్గించండి, మురికి పట్టినట్టు ఉంటే పెంచండి. రెండూ ఒకేలా కనిపించిన చోట ఆపండి. గది చీకటి చేసి చదవకండి, వెనుకవైపు చిన్న దీపమైనా ఉండనివ్వండి. కొన్ని ఓలెడ్ స్క్రీన్లు వెలుతురు బాగా తగ్గించినప్పుడు కంటికి తెలియనంత వేగంగా వెలుగుతూ ఆరుతూ ఉంటాయి, కొందరికి దానివల్ల తలనొప్పి వస్తుంది. మీది ఓలెడ్ అయి రాత్రిపూట తలనొప్పి వస్తుంటే బ్రైట్‌నెస్ మరీ దించకుండా, ఆండ్రాయిడ్‌లో ఎక్స్‌ట్రా డిమ్, ఐప్యాడ్‌లో రెడ్యూస్ వైట్ పాయింట్ వాడి చూడండి.

డార్క్ మోడ్ గురించి. నల్ల నేల మీద తెల్ల అక్షరాలు చూసేటప్పుడు కంటిపాప విప్పారుతుంది, అక్షరం అంచుల పదును కాస్త తగ్గుతుంది. ఆస్టిగ్మాటిజం (కంటి ముందు పొర వంపు సమంగా లేకపోవడం) ఉన్నవాళ్లకు అక్షరాల చుట్టూ వెలుగు చెదిరినట్టు ఉంటుంది. పొడుగాటి చదువుకు లేత నేల మీద ముదురు అక్షరమే మేలు. పీడీఎఫ్ పేజీకి డార్క్ మోడ్ పెడితే కొన్ని యాప్‌లలో ఫొటోలు కూడా తిరగబడి నెగటివ్‌లా కనబడతాయి. కొంచెం పసుపు కలిసిన సెపియా నేల దొరికితే రాత్రిపూట నాకు అదే ఇష్టం.

ట్యాబ్లెట్ బరువు సుమారు అరకిలో. దాన్ని చేత్తో ఎత్తి పట్టుకుంటే పది నిమిషాల్లో ఒళ్లోకి దిగుతుంది, దాంతో పాటు తల వంగుతుంది. స్టాండు పెట్టండి, మంచం మీదయితే గట్టి దిండు. నోటిఫికేషన్లు ఆపేయండి. ఇంతకన్నా దీని గురించి చెప్పేదేం లేదు.

మీరు అడిగిన కొనుగోలు సంగతికి వస్తాను. 13 అంగుళాల ట్యాబ్లెట్ నిలువుగా పట్టుకుంటే ఏ4 పేజీ 88 శాతంలో కనిపిస్తుంది, అంచులు తీస్తే ఇంచుమించు అసలు సైజు. మూడు కాలమ్‌ల పేజీలను పేజీలుగానే చదవడం మీకు ఇష్టమైతే అది మంచి కొనుగోలే. బరువు మాత్రం ఎక్కువ, స్టాండు లేకుండా కుదరదు. ఎక్కువగా వ్యాసాలూ కథలే చదివేవారైతే ఆ డబ్బు అవసరం లేదు.

ఈ-ఇంక్ తెర కంటికి కాగితంలా ఉంటుంది, ఎండలో కూడా చక్కగా కనిపిస్తుంది. నవలలకు దాన్ని మించింది లేదు. పత్రికలకు మాత్రం తొందరపడొద్దు. ఆరేడు అంగుళాల తెర మీద పత్రిక పేజీ సగానికి సగం కుంచించుకుపోతుంది. పెద్దది చేయడం, జరపడం నెమ్మదిగా సాగుతాయి, ప్రతిసారీ తెర మినుకుమంటుంది. ఇప్పుడు వస్తున్న రంగుల తెరల్లో కెలైడో 3 రకానికి నలుపు తెలుపులో అంగుళానికి 300 పిక్సెళ్లుంటే రంగుల్లో 150 మాత్రమే. రంగులు వెలిసిన అచ్చులా ఉంటాయి. ఫొటోలు ముఖ్యమైన పత్రికకు అది న్యాయం చేయదు. బొమ్మలు తక్కువగా ఉండే సాహిత్య పత్రికలైతే 13.3 అంగుళాల ఈ-ఇంక్ బాగుంటుంది, అందులో ఏ4 పేజీ 91 శాతంలో వస్తుంది. ఏది కొన్నా, కొనేముందు మీరు రోజూ చదివే పత్రిక ఫైలునే అందులో తెరిచి ఒక వ్యాసం చివరిదాకా చదవండి. వాళ్లు చూపించే నమూనా పేజీలు చూసి నిర్ణయించవద్దు.

ఒక జాగ్రత్త కూడా. చందా కట్టిన డిజిటల్ పత్రికలు ఎప్పటికీ మీ దగ్గరే ఉంటాయనుకోకండి. గూగుల్ 2020 జనవరిలో తన న్యూస్ యాప్‌లో పత్రికల పేజీ ప్రతులను ఆపేసింది. అమెజాన్ 2023లో కిండిల్ పత్రికల చందాలు ఆపేసింది. పీడీఎఫ్‌గా దించుకునే వీలున్నచోట సంచిక రాగానే దించి మీ దగ్గర ఒక కాపీ పెట్టుకోండి.

ముందుగా అడ్డంగా తిప్పడం, అంచులు తీయడం, మాట మీద వేలు నొక్కి చూడటం, ఈ మూడూ ఇవాళే చేయండి. మీ పత్రికలో మాట ఎంపికవుతోందో లేదో, మీరు వాడే ట్యాబ్లెట్ ఆండ్రాయిడో ఐప్యాడో రాయండి. దాన్నిబట్టి ఏ యాప్‌లో ఏ సెట్టింగ్ మార్చాలో వరసగా చెబుతాను.